విషం తాగినవాళ్ళకి బొగ్గు మందు: ఎప్పుడు, ఎలా, ఎవరికి అసలు వద్దు

షాపుకి వచ్చేవాళ్ళలో నెలకి ఒకరైనా అడుగుతారు, ఫోన్ చేసి అడిగేవాళ్ళు వేరే. "ఏవండీ, పాయిజన్ తాగినోళ్ళకి బొగ్గు తాగిస్తే లాగేస్తదంట కదా, ఆ బొగ్గు మాత్రలు ఉన్నాయా?" ఒక్కొక్కళ్ళకి కౌంటర్ దగ్గర నిలబెట్టి చెప్పే టైం ఉండదు, సగం విని వెళ్ళిపోయి సగం తప్పుగా చేస్తారు, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా. నేను డాక్టర్ని కాదు, కోనసీమలో మెడికల్ షాపు నడిపే ఫార్మసిస్టుని, బొగ్గు పౌడర్ అమ్మినవాణ్ణి, అమ్మనని చెప్పి తిట్లు తిన్నవాణ్ణి కూడా.

ఇప్పుడు మీ ఎదురుగానే ఎవరైనా ఏదో తాగేసి ఉంటే ఇదంతా చదవకండి. 108 కి కొట్టి, కింద ఉన్న 1 నుంచి 5 వరకు చూసుకుని బయల్దేరిపోండి. బొగ్గు సంగతి దారిలో చూసుకోవచ్చు.

అసలు ఈ బొగ్గు ఏంటి

రెండు ముక్కల్లో చెప్తా. దీని అసలు పేరు యాక్టివేటెడ్ చార్‌కోల్. మామూలు బొగ్గుని బాగా ఎక్కువ వేడిలో ఆవిరి పట్టించి తయారుచేస్తారు, అప్పుడు దాని లోపల కంటికి కనపడనన్ని సన్న రంధ్రాలు పడతాయి. ఒక్క గ్రాము పొడిలో ఆ రంధ్రాల గోడలన్నీ పరిస్తే సుమారు వెయ్యి చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో పావెకరం. కడుపులో ఇంకా రక్తంలోకి ఎక్కని విషం ఆ గోడలకి అతుక్కుని విరేచనంలో బయటకి పోతుంది. ఇక్కడ "ఇంకా రక్తంలోకి ఎక్కని" అన్న మాట చాలా ముఖ్యం, ఒకసారి ఎక్కిపోయాక చాలా విషాలకి బొగ్గు చేసేదేం లేదు. అందుకే తాగిన గంట లోపలే దీనికి విలువ. ఆ తర్వాత కూడా కొన్ని మందులకి ఇస్తారు గానీ అది డాక్టర్ లెక్క.

పాము కాటుకి, తేలు కుట్టినదానికి దీనితో సంబంధమే లేదు. అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఫోన్లో సేవ్ చేసిన నంబర్లు: 108, ఢిల్లీ ఎయిమ్స్ లో ఉన్న విషాల సమాచార కేంద్రం 1800 116 117 (ఫ్రీ, రాత్రి పగలు ఎత్తుతారు)
- పక్క ఊళ్ళో కారు ఉన్నవాళ్ళ నంబరు, గోదారి మధ్య లంకలో ఉంటే పడవ వాళ్ళది
- చేతులకి గ్లౌజులు, లేకపోతే రెండు ప్లాస్టిక్ కవర్లు
- సబ్బు, బకెట్ నీళ్ళు, మార్చడానికి పాత లుంగీయో నైటీయో
- తాగిన విషం సీసా, వాంతి పెట్టుకోవడానికి మూత ఉన్న డబ్బా
- డాక్టర్ ఇమ్మంటేనే: యాక్టివేటెడ్ చార్‌కోల్ పౌడర్ (మాత్రలు కాదు), మూత గట్టిగా పట్టే బాటిల్, స్ట్రా

ఏం చేయాలి, వరసగా

1. మనిషిని పిలవండి. పేరు పెట్టి పిలిస్తే పలుకుతున్నాడా, కూర్చోగలుగుతున్నాడా, గ్లాసు తన చేత్తో తను పట్టుకోగలడా. ఈ మూడిట్లో ఏది లేకపోయినా నోట్లో ఏదీ పొయ్యకండి, బొగ్గు కాదు, మజ్జిగ కాదు, నీళ్ళు కూడా వద్దు. మగతగా ఉన్నవాళ్ళని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కొంచెం కిందకి, నోరు నేల వైపు ఉండాలి, వాంతి అయితే బయటకే పోవాలి. ఊపిరి లేకపోతే 108 లో మాట్లాడేవాళ్ళు చెప్పినట్టు గుండె మీద నొక్కుతూ ఉండండి. పురుగుల మందు తాగినవాళ్ళ నోట్లో నోరు పెట్టి ఊదొద్దు.

2. బండి ముందు, మిగతావన్నీ తర్వాత. మన డెల్టాలో దూరం కిలోమీటర్లలో కాదండి, రేవుల్లో లెక్క. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లు దాటించే పెద్ద పడవ) అవతలి ఒడ్డున ఉంటే నర్సాపురం ఎదురుగా కనపడుతున్నా అరగంట పోయినట్టే. వరదల టైంలో లంక వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి 108 వస్తుందని చెప్పిన టైం ఎక్కువైతే సొంత బండిలో ఎదురెళ్ళండి, దారిలో కలుస్తామని వాళ్ళకి చెప్పండి. అమలాపురం నుంచి కాకినాడ పెద్దాసుపత్రి 60 కిలోమీటర్ల పైనే, నేరుగా అక్కడికే పరిగెత్తకుండా ముందు దగ్గర్లో డాక్టరు, ఆక్సిజన్, సెలైన్ ఉన్న చోట ఆపండి. కొన్ని రకాల పురుగుల మందులకి అక్కడే అట్రోపిన్ ఇంజెక్షన్ మొదలెడతారు. అది ముందు పడినవాడు బతికి కాకినాడ చేరతాడు, పడకుండా పెద్దాసుపత్రే కావాలని వెళ్ళినవాడు దారిలో ఇబ్బందిలో పడతాడు.

3. ఏంటి, ఎంత, ఎన్నింటికి. ఈ మూడూ ఒక కాగితం మీద రాయండి. సీసా, ప్యాకెట్, మాత్రల షీటు ఏది దొరికితే అది కవర్లో వేసి తీసుకెళ్ళండి, ఖాళీదైనా సరే. "ఏదో గడ్డి మందు" అంటే డాక్టరుకి ఏం అర్థం కాదు, గడ్డి మందుల్లో పారాక్వాట్ ఒకటి, గ్లైఫోసేట్ ఒకటి, రెండింటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. డబ్బా మీద రంగు త్రికోణం చూడండి, ఎరుపు అయితే అన్నిటికంటే ఘోరం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంది కదా అని మాత్రం ఇంట్లో కూర్చోకండి. సీసా దొరక్కపోతే షెడ్డులో, బోదె గట్టు మీద, పశువుల పాక చూరులో వెతకమని ఒకర్ని ఇంటి దగ్గర ఉంచండి, దొరగ్గానే ఫోటో తీసి పంపిస్తాడు.

4. ఒంటి మీద పడింది కడగండి. దాళ్వాలో (రబీ వరికి) పురుగుల మందు కొట్టి ఇంటికొచ్చి పడిపోయినవాళ్ళు నోటితో ఏం తాగి ఉండరు, చర్మంలోంచే ఎక్కుతుంది. వాళ్ళకి బొగ్గుతో పనేం లేదు, సబ్బుతో పనుంది. బట్టలన్నీ తీసేసి తల వెంట్రుకలు, గోళ్ళ సందులు, చంకలు కడగండి. చేతికి కవర్లు తొడుక్కోండి. ఎలుకల మందు తిని వాంతి చేసుకుంటుంటే కారు అద్దాలన్నీ దించండి, కొన్నిట్లోంచి విషపు గ్యాసు వస్తుంది, పక్కన కూర్చున్నవాళ్ళకి తల తిరుగుతుంది.

5. వాంతి చేయించకండి. ఇది చెప్తే ఎవరూ నమ్మరు, మన నాన్నల కాలం నుంచి అదే చేస్తున్నాం కదా. ఉప్పు నీళ్ళు, కుంకుడు రసం, చింతపండు పులుసు, సబ్బు నీళ్ళు, ఇంకా రాయలేనివి కూడా పోస్తారు. ఉప్పు నీళ్ళు ఎక్కువైతే ఆ ఉప్పే రక్తంలో పెరిగి ఫిట్స్ వస్తాయి. కుంకుడు నురగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. యాసిడ్ అయితే దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఇంకోసారి కాలుస్తుంది, కిరసనాయిలు అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తనంతట తనకి వాంతి అయితే తల పక్కకి పట్టుకోండి, అంతే. పాలు, నూనె, పచ్చి గుడ్డు కూడా వద్దు, కొన్ని విషాలు కొవ్వుతో ఇంకా తొందరగా ఎక్కుతాయి.

6. ఇది బొగ్గు పట్టే విషమేనా? ఇది మీరు తేల్చుకోవాల్సింది కాదు, ఫోన్లో డాక్టరునో పైన నంబర్లోనో అడగండి. అయినా వాళ్ళేం చెప్తున్నారో మీకు అర్థం కావాలి కాబట్టి రాస్తున్నా.

బాగా పట్టేవి: చాలా రకాల మాత్రలు. పారాసెటమాల్, ఆస్ప్రిన్, ఫిట్స్ మాత్రల్లో ఫినోబార్బిటోన్, కార్బమజెపైన్, తర్వాత డాప్సోన్, క్వినైన్, థియోఫిలిన్. ఉమ్మెత్త కాయ, పచ్చగన్నేరు గింజలు కూడా.

పట్టనివి: సారా, మిథనాల్, ఐరన్ మాత్రలు (గర్భిణీలకి ఇచ్చే ఎర్ర మాత్రలు చిన్నపిల్లలు చాక్లెట్ అనుకుని మింగేస్తారే, అవి), లిథియం, బాత్రూం యాసిడ్, కాస్టిక్ సోడా, చెరువుల్లో చల్లే బ్లీచింగ్. వీటికి బొగ్గు తాగిస్తే ఉపయోగం సున్నా, పైగా యాసిడ్ తాగినవాళ్ళకి గొంతులో పైపు వేసి చూడాల్సిన డాక్టరుకి అంతా నల్లగా కనపడుతుంది.

ప్రమాదమైనవి: కిరసనాయిలు, పెట్రోలు, థిన్నర్. ఇవి కడుపులో కంటే ఊపిరితిత్తుల్లో చంపుతాయి, బొగ్గు తాగి వాంతి అయితే అదే జరుగుతుంది. పురుగుల మందు డబ్బా మీద ఈసీ (EC) అని రాసి ఉంటే అందులోనూ అలాంటి నూనె ఉన్నట్టే.

మరి పురుగుల మందుకి? ఆసుపత్రుల్లో ఇస్తారు, కానీ ఆశ మొత్తం దాని మీద పెట్టుకోకండి. మన పక్కనే శ్రీలంకలో 4,632 మంది విషం తీసుకున్నవాళ్ళ మీద పెద్ద పరీక్ష చేశారు, 2008 లో ఫలితం వచ్చింది, వాళ్ళలో సగం మంది పురుగుల మందులు, మూడో వంతు పైన పచ్చగన్నేరు. బొగ్గు ఇచ్చినవాళ్ళలో, ఇవ్వనివాళ్ళలో చనిపోయిన శాతం దాదాపు ఒకటే. చాలామంది ఆసుపత్రికి చేరేసరికే గంటలు గడిచిపోవడం అందుకు ఒక కారణం అంటారు, మన లంకల పరిస్థితీ అదే కదా. పారాక్వాట్ కి మాత్రం క్షణం ఆగకుండా ఇవ్వాలనే చూస్తారు, దానికి విరుగుడు లేదు కాబట్టి.

7. ఇమ్మన్నారు, ఇప్పుడు కలపడం. పెద్దవాళ్ళకి మామూలుగా 50 గ్రాములు. పిల్లలకి బరువుని బట్టి, కిలోకి ఒక గ్రాము చొప్పున, అంటే 12 కిలోల పిల్లాడికి 12 గ్రాములు. ఫోన్లో ఉన్నవాళ్ళు వేరే లెక్క చెప్తే వాళ్ళదే లెక్క. గ్రాముకి 8 మిల్లీలీటర్ల నీళ్ళు, 50 గ్రాములకి 400. బాటిల్లో ముందు కొంచెం నీళ్ళు పోసి, పౌడర్ వేసి, మిగతా నీళ్ళు పోసి మూత పెట్టి ఒక నిమిషం గట్టిగా కుదపండి. గ్లాసులో చెంచాతో కలిపితే పైన పొడి తేలుతూ ఉంటుంది, అది గొంతులో పడితే దగ్గు వస్తుంది, దగ్గు వస్తే ఇప్పటిదాకా పడ్డ జాగ్రత్తంతా గోదాట్లో కలిసినట్టే. అడుగున ముద్ద మిగిలిందేమో చూడండి, మందంతా అందులోనే ఉంటుంది, ఇంకొన్ని నీళ్ళు పోసి కుదిపి అదీ తాగించాలి.

8. తాగించడం. నిటారుగా కూర్చోబెట్టి, తనంతట తను, కొంచెం కొంచెంగా, ఒక పావుగంటలో. గడగడా తాగితే కక్కేస్తారు. పిల్లలు నల్లగా చూసి ఏడుస్తారు, రంగు కనపడని స్టీలు గ్లాసులో పోసి పైన మూత, స్ట్రా పెట్టండి. ముక్కు మూసి, చేతులు పట్టుకుని పొయ్యడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వద్దంటే వదిలేయండి, ఆసుపత్రిలో ముక్కులోంచి పైపు వేసి ఇవ్వాలో లేదో వాళ్ళు చూసుకుంటారు. ఇంట్లో ఎవరూ పైపులు వెయ్యొద్దు, ఊళ్ళో ఆర్ఎంపీ వేస్తానన్నా వద్దు, అది కడుపులోకి బదులు ఊపిరితిత్తిలోకి వెళ్ళి బొగ్గు అందులో పడితే ఇంక అడగక్కర్లేదు.

ఇదంతా బండి కదులుతూ ఉండగా. కలపడానికి బండి ఆపొద్దు, మళ్ళీ చెప్తున్నా.

ఎక్కువమంది చేసే తప్పులు

కొబ్బరి చిప్పల బొగ్గు. ఇది మన కోనసీమకే ప్రత్యేకం అనుకుంటా. "ఆ కంపెనీ బొగ్గు కూడా కొబ్బరి చిప్పలతోనే చేస్తారంట కదండీ, మన దగ్గర గుట్టలు గుట్టలు ఉంది, నూరి ఇచ్చేస్తే పోలా?" నిజమే, చాలా యాక్టివేటెడ్ చార్‌కోల్ చిప్పలతోనే చేస్తారు. కానీ మీ ఇంటి వెనక కాల్చిన చిప్పకి ఆ ఆవిరి పట్టించడం ఎక్కడ జరిగింది? వడ్లు, అన్నం రెండూ ఒకటే అన్నట్టు ఉంటుంది. రంధ్రాలు లేని బొగ్గు కడుపులో ఊరికే నల్ల ఇసక. కచ్చిక బూడిద, మాడిన రొట్టె, పళ్ళపొడి బొగ్గు, అన్నీ ఇదే బాపతు.

మాత్రలు. ఒకాయన ఒకసారి ఆటో రోడ్డు మీద ఆపి, లోపల భార్య ఒరిగిపోయి ఉండగా, గ్యాస్ కి వాడే బొగ్గు మాత్రలు రెండు షీట్లు ఇమ్మన్నాడు. మాత్ర 250 మిల్లీగ్రాములు. 50 గ్రాములు కావాలంటే 200 మాత్రలు మింగాలి. ఆయనతో లెక్క చెప్పలేదు, ఆటో వాడి భుజం తట్టి ముందు ఆసుపత్రికి పోనియ్యమన్నా, వెళ్తూ వెళ్తూ నన్ను తిట్టాడు.

బాగున్నాడు కదా అని ఆగిపోవడం. అన్నిట్లోకీ ఇది నాకు ఎక్కువ భయం. ఎలుకల పేస్టు తిన్నవాళ్ళు మొదటి రోజు కడుపునొప్పి, వాంతులు అని తర్వాత ఒకటి రెండు రోజులు మామూలుగా తిరుగుతారు, ఇంటికి తెచ్చేసుకుంటారు, మూడో రోజుకి కళ్ళు పచ్చబడతాయి, అప్పటికి లివర్ దెబ్బతిని ఉంటుంది. కొన్ని ఎలుకల బిళ్ళలు రెండు మూడు రోజులకి రక్తం కారేలా చేస్తాయి. పారాసెటమాల్ కూడా అంతే, మొదటి రోజు ఏమీ తెలీదు, కానీ దానికి మంచి విరుగుడు ఉంది, తొందరగా మొదలెడితేనే పనిచేస్తుంది. జుట్టు రంగు తాగినవాళ్ళకి కొన్ని గంటల్లో మెడ, నాలుక వాచిపోయి ఊపిరి ఆడదు. కాబట్టి బొగ్గు తాగించేశాం, తేరుకున్నాడు అని వెనక్కి తిరిగి రాకండి, ఎన్ని రోజులు ఉంచాలో డాక్టర్ చెప్పాలి.

దాచిపెట్టడం. "పొరపాటున తాగాడండి", "కూల్ డ్రింక్ అనుకున్నాడు". పోలీసు కేసు అవుతుందని భయం. ఆసుపత్రి వాళ్ళు పోలీసులకి తెలియజేయడం మామూలుగా జరిగేదే, కానీ 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో సెక్షన్ 115 ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్ష కాదు వైద్యం అందించాలి. డాక్టరుకి మాత్రం నిజం చెప్పండి, రెండు రకాలు కలిపి తాగితే రెండూ చెప్పండి, మద్యం తాగి ఉంటే అదీ చెప్పండి.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

బొగ్గు పనిచేసిందని ఇంట్లో కనిపెట్టే పరీక్ష ఏదీ లేదు, అది రక్త పరీక్షల్లో, పేషెంట్ పరిస్థితిలో డాక్టర్లు చూస్తారు. మీరు చూడగలిగింది రెండే, బొగ్గు లోపల నిలిచిందా, హాని చేస్తోందా.

- తాగిన అరగంట లోపల కక్కేస్తే టైం రాసి డాక్టరుకి చెప్పండి, మీరే మళ్ళీ కలిపి ఇవ్వకండి.
- దగ్గు ఆగకపోతే, ఊపిరిలో గురక వస్తే, పెదాలు నీలంగా మారితే బొగ్గు గాని వాంతి గాని ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో, వెంటనే చెప్పాలి.
- నోట్లో చొంగ ధారగా కారడం, కంటిపాప గుండుసూది తలంత చిన్నదవడం, ఒళ్ళంతా చెమట, కండరాలు అదరడం. ఇది పురుగుల మందు ఎక్కుతున్న గుర్తు, ఎంత బొగ్గు తాగినా దీనికి ఇంజెక్షనే.
- విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడొద్దు. తారులాగా జిగటగా, వాసనగా వస్తే మాత్రం రక్తం కావచ్చు, చూపించండి. రెండు రోజులైనా విరేచనం రాకపోయినా, కడుపు ఉబ్బినా చెప్పాలి.
- బీపీ, ఫిట్స్, గుండె మాత్రలు రోజూ వేసుకునేవాళ్ళయితే వాటినీ బొగ్గు లాగేసి ఉంటుంది, తర్వాతి డోసు ఎప్పుడో అడగండి. గర్భం రాకుండా వేసుకునే మాత్రలూ అంతే.

ఇంట్లో ముందే కొని పెట్టుకోవచ్చా

లంకలో ఉండి, రేవు దాటితేనే ఆసుపత్రి అయితే మీ పీహెచ్‌సీ డాక్టర్ని అడిగి ఒక 50 గ్రాముల డబ్బా ఉంచుకోండి, తప్పేం లేదు. సీలు తియ్యకండి, తీస్తే గాల్లో వాసనలు తేమ పట్టేసి రంధ్రాలు అక్కడే నిండిపోతాయి. వంటగదిలో, పురుగుల మందు డబ్బాల పక్కన పెట్టకండి. డబ్బా మీద రెండు ఫోన్ నంబర్లు, ఇంట్లో పిల్లల బరువులు మార్కర్ తో రాయండి, ఆ టైంలో ఎవరికీ ఏమీ గుర్తుండదు.

పౌడర్ డబ్బా కంటే ముందు కొనాల్సింది మాత్రం పురుగుల మందులు పెట్టే పెట్టెకి ఒక తాళం. చెవి ఇద్దరి దగ్గరే ఉండాలి. మిగిలిన మందు కూల్ డ్రింక్ సీసాల్లో పోసి పెట్టడం ఈరోజే మానెయ్యండి. ఇంట్లో ఎవరైనా నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా తినక, మాట్లాడక, అప్పు గురించో గొడవ గురించో ఒకటే ఆలోచిస్తుంటే చెవి అస్సలు వాళ్ళకి అందనివ్వకండి, చావాలనిపిస్తోందా అని నేరుగానే అడగండి, అడిగితే లేని ఆలోచన పుట్టదు. టెలి మానస్ (మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ లైను) 14416, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ. ఆ మనిషి ఫోన్ చెయ్యనంటే మీరే చేసి పక్కన కూర్చోండి.